ఇంట్లో కంప్యూటర్ ఆడియో – మూడో పాఠం: గుయ్‌మనే చప్పుడు ఏ తీగ వెంట వస్తోంది?

పోయిన పాఠంలో పాటేమీ పెట్టకుండా స్పీకర్ల వాల్యూమ్ పెంచి, ఐదు నిమిషాలు ఊరికే వినమన్నాను. విన్నారు కదా? సన్నగా ‘స్స్’మని వినిపిస్తే వదిలేయండి, ఆ మాత్రం ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ ఉంటుంది. మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటుంటే దాని సంగతి ఐదో పాఠంలో. ఇవాళ్టి పాఠం తుమ్మెద రొదలా ఆగకుండా గుయ్‌మనే హమ్ గురించి.

మన కరెంటు 50 హెర్ట్జ్. హమ్ కూడా 50లోనో, దానికి రెట్టింపు 100లోనో మోగుతుంది. సంగీతం వచ్చినవాళ్లకి ఒక తేలిక గుర్తు: ఐదు శ్రుతి పెట్టి పక్కన వినండి, ఇంచుమించు షడ్జమంలో కలిసిపోతుంది. (అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడున్నవాళ్లకి ఈ గుర్తు పనికిరాదు.)

ముందు కంప్యూటర్ నుంచి వచ్చే ఆడియో వైరు స్పీకర్ వైపు నుంచి పూర్తిగా పీకేయండి. అయినా గుయ్‌మంటూనే ఉంటే జబ్బు స్పీకర్ లోపలే ఉంది, రిపేరు షాపుకి తీసుకెళ్లండి. ఆగిపోతే హమ్ ఆ వైరు వెంటే వస్తోందన్నమాట. ఇప్పుడు అదే వైరుకి ఛార్జింగులో లేని ఫోన్ తగిలించి చూడండి. నిశ్శబ్దంగా ఉంటే వైరు మంచిదే, కంప్యూటర్ వైపు చూడాలి. ల్యాప్‌టాప్ అయితే ఇంకా తేలిక: ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. ఆ క్షణంలోనే హమ్ పోయిందా? దొంగ దొరికినట్టే.

ఆ దొంగ పేరు గ్రౌండ్ లూప్. సీపీయూకి త్రీ పిన్ ప్లగ్గు, స్పీకర్లకీ త్రీ పిన్ ప్లగ్గు. రెండూ వేరువేరు గోడల్లోని బోర్డులకి పెట్టారనుకోండి. రెండు బోర్డుల ఎర్తు తీగలూ చివరికి ఒకే చోట కలుస్తాయి, కానీ దారులు వేరు. ఆ దారుల్లో పారే లీకేజీ వల్ల రెండింటి మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. మీ ఆడియో వైరు పైతొడుగు జాలీ ఆ రెండింటినీ కలిపేసరికి చుట్టు పూర్తయి, జాలీలో కరెంటు పారుతుంది. మామూలు ఆడియో వైరులో ఆ జాలీయే సిగ్నల్ తిరిగి వచ్చే దారి కూడా. కాబట్టి ఆ తేడా కూడా పాటలో భాగమని స్పీకర్ అనుకుంటుంది. పాట ఒక వోల్టు లోపే కదా, అందులో కొన్ని మిల్లీవోల్టులు చెవికి బాగానే తెలుస్తాయి.

మా ఇంట్లో సీపీయూ కిటికీ పక్కన, స్పీకర్లు తలుపు దగ్గర బోర్డుకి ఉండేవి. తెలియక ముందు ఖరీదైన వైరు కొన్నాను, రవ్వంత కూడా మారలేదు. చివరికి అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టాను, అంతే. ఎర్తు దారి ఒకటే అయింది, చుట్టు చిన్నదైపోయింది. మీరూ ముందు ఇదే చేయండి. 6 ఆంపియర్ల బాక్సుకి సీపీయూ, మానిటర్, స్పీకర్లు భారం కావు. ఇస్త్రీ పెట్టె మాత్రం దానికి పెట్టకండి.

ఎర్తు పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. కొన్నిసార్లు పోతుంది కూడా, చిక్కంతా అదే. సీపీయూ పవర్ సప్లైలో కరెంటు తీగల నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు జివ్వుమనేది వాటివల్లే. లోపల ఇన్సులేషన్ పోయిన రోజున అదే క్యాబినెట్‌కి 230 వోల్టులూ వస్తాయి. ఎర్తు పిన్ను జోలికి వెళ్లకండి.

ఒకే బాక్సుకి పెట్టినా తగ్గకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ కొనండి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, అంతే. పాట అయస్కాంతం ద్వారా దాటుతుంది, తీగకి తీగ తగలదు. మరీ చవకవాటిలో బేస్ పలచబడుతుంది, మృదంగం తొప్పి వైపు విని చూస్తే తెలుస్తుంది. దాన్ని కంప్యూటర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టాలి, ఆంప్లిఫయర్ తర్వాత కాదు.

వచ్చే పాఠానికి హోంవర్క్: ఫ్యాన్ రెగ్యులేటర్, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఒక్కొక్కటే ఆపి, వేసి, చప్పుడు ఎప్పుడు మారిందో కాగితం మీద రాసుకోండి. సెట్‌టాప్ బాక్సు కూడా అదే ఆంప్లిఫయర్‌కి కలిపి ఉంటే, దాని కేబుల్ వైరు పీకి ఒకసారి వినండి.