టెస్టోస్టిరాన్ రిపోర్ట్‌లో ‘లో’ అని వచ్చిందా, ముందు శాంపిల్ ఇచ్చిన టైమ్ చూడండి

పీడీఎఫ్ ఓపెన్ చెయ్యగానే కళ్ళు నేరుగా టోటల్ టెస్టోస్టిరాన్ దగ్గరికే పోతాయి, పక్కన బోల్డ్‌లో ‘లో’ అని ఉంటే ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. నాదీ అదే కథ. మొదటిసారి 271 వచ్చింది, జీవితం అయిపోయిందనుకున్నా, తెల్లారేదాకా ఫోన్‌లో ఇంజెక్షన్ల గురించి చదువుతూ కూర్చున్నా. తర్వాత తీరిగ్గా రిపోర్ట్ పైభాగం చూస్తే శాంపిల్ తీసింది సాయంత్రం 4:40కి, అదీ కడుపు నిండా తిని వెళ్ళాక. రెండు వారాలాగి పొద్దున్నే ఖాళీ కడుపుతో ఇస్తే 402. మందూ లేదు మాకూ లేదు.

అందుకే నంబర్ కంటే ముందు టైమ్ చూడమంటున్నా. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువుంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది, కుర్రాళ్ళలో ఈ తేడా ఇంకా ఎక్కువ. తిన్నాక కూడా కాసేపు బాగానే పడిపోతుంది. కాబట్టి 7 నుంచి 10 లోపు, ఏమీ తినకుండా ఇవ్వాలి. నైట్ డ్యూటీ చేసేవాళ్ళకి గడియారంతో పని లేదు, నిద్ర లేచిన రెండు మూడు గంటల్లోపు ఇస్తే సరి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, ఆపరేషన్ అయిన కొత్తలోనో, వరసగా నిద్ర లేనప్పుడో చేయిస్తే తక్కువే వస్తుంది, దాన్ని పట్టుకుని ఏ నిర్ణయానికీ రావొద్దు. ఒక్క రిపోర్ట్‌తో ‘లో టెస్టోస్టిరాన్’ అని తేల్చకూడదు, వేరే రోజు పొద్దున ఇంకోసారి చెయ్యాలి, రెండోసారీ తక్కువొస్తేనే మాట్లాడుకోవాలి.

తర్వాత యూనిట్ చూడండి, నవ్వొద్దు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 300 అంటే డెసిలీటర్‌కి నానోగ్రాములు. అదే మిల్లీలీటర్ లెక్కలో 3 అని వస్తుంది, నానోమోల్ లెక్కలో 10.4 అని వస్తుంది. నానోమోల్‌ని 28.8తో గుణిస్తే నానోగ్రామ్/డెసిలీటర్ వచ్చేస్తుంది. ‘నాకు 11 వచ్చింది, వాడికి 500 వచ్చింది’ అని పోల్చుకుని ఏడ్చినవాళ్ళని చూశా, ఆ 11 అంటే 317.

మరి ఎంతుంటే తక్కువ? అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ 300 దగ్గర గీత గీసింది. లావు లేని, ఆరోగ్యంగా ఉన్న 19-39 ఏళ్ళ మగవాళ్ళని తీసుకుని లెక్కేసిన రేంజ్ అయితే 264 నుంచి 916. ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ మెషీన్ వేరు, మెథడ్ వేరు, అందుకే రెండో టెస్ట్ కూడా అదే ల్యాబ్‌లో చేయించుకుంటే పోల్చడం తేలిక. 295 వచ్చినవాడు పేషెంటూ కాదు, 310 వచ్చినవాడు క్షేమంగా ఉన్నాడనీ కాదు. లక్షణాలు కూడా కలవాలి. కోరిక తగ్గడం, పొద్దున లేచేసరికి ఉండే అంగస్తంభనలు తగ్గిపోవడం, సెక్స్ టైమ్‌లో గట్టిపడకపోవడం, ఈ మూడూ దీనికి దగ్గరి లక్షణాలు. నీరసం, చిరాకు, మతిమరుపు అంటారా, అవి సవాలక్ష కారణాలకి వస్తాయి.

ఇప్పుడు ఎస్‌హెచ్‌బీజీ, అంటే సెక్స్ హార్మోన్లని పట్టుకుని తిరిగే ఒక ప్రొటీన్. రక్తంలో టెస్టోస్టిరాన్ చాలావరకు ప్రొటీన్లకి అతుక్కునే తిరుగుతుంది, కొంత ఎస్‌హెచ్‌బీజీకి గట్టిగా, కొంత ఆల్బుమిన్‌కి వదులుగా. ఏదీ పట్టుకోకుండా ఫ్రీగా తిరిగేది రెండు మూడు శాతమే. ఎస్‌హెచ్‌బీజీ తక్కువుంటే టోటల్ కూడా తక్కువ కనిపిస్తుంది, కానీ ఫ్రీ బాగానే ఉండొచ్చు. ఒక లెక్క చూడండి: టోటల్ 270, ఎస్‌హెచ్‌బీజీ 13 అయితే ఫ్రీ మిల్లీలీటర్‌కి సుమారు 80 పీకోగ్రాములు వస్తుంది. ఇంకొకాయనకి టోటల్ 430, చూడ్డానికి భేషుగ్గా ఉంది, కానీ ఎస్‌హెచ్‌బీజీ 85, లెక్కేస్తే ఫ్రీ 44 దగ్గర ఆగిపోతుంది. సుమారు 65 కంటే తక్కువుంటే అనుమానించాలని చాలామంది డాక్టర్లు అంటారు, అంటే అసలు సమస్య 430 ఉన్నాయనకి ఉండొచ్చన్నమాట. లావు, టైప్ 2 షుగర్, థైరాయిడ్ తక్కువగా ఉండటం ఎస్‌హెచ్‌బీజీని కిందికి లాగుతాయి. వయసు, లివర్ జబ్బులు, థైరాయిడ్ ఎక్కువవడం, కొన్ని ఫిట్స్ మందులు పైకి నెడతాయి. ఫ్రీ టెస్టోస్టిరాన్‌ని నేరుగా కొలిచే చవక కిట్‌లని మాత్రం నేను నమ్మను, టోటల్, ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ మూడూ పెట్టి లెక్కగట్టిందే మేలు.

అసలు జవాబు మాత్రం ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ లైన్‌లో ఉంటుంది, అందరూ దాటేసి వెళ్ళిపోయేదీ అదే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ పంపి వృషణాలకి ‘తయారుచెయ్యండి’ అని చెప్తుంది, సరుకు, అంటే టెస్టోస్టిరాన్, తక్కువైతే గొంతు పెంచుతుంది. టెస్టోస్టిరాన్ తక్కువ, ఎల్‌హెచ్ ఎక్కువ అంటే పైవాడు గొంతు చించుకుంటున్నా కింద పనికావట్లేదని, సమస్య వృషణాల్లోనే. గవదబిళ్ళలు వృషణాలకి పాకడం, దెబ్బలు, కీమో, రేడియేషన్ ఇలా చేస్తాయి, పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువుండే క్లైన్‌ఫెల్టర్ కూడా, అది వెయ్యి మంది మగవాళ్ళలో ఒకరిద్దరికి ఉంటుంది, చాలామందికి పిల్లలు పుట్టక టెస్ట్‌లు చేయించుకునేదాకా తెలియదు.

ఇక మోసం చేసేది రెండో రకం. టెస్టోస్టిరాన్ 180, ఎల్‌హెచ్ 3.2, పక్కన ‘నార్మల్’ అని ఉంటుంది, మనం హమ్మయ్య ఇదన్నా బాగుందనుకుంటాం. బాలేదు! సరుకు అంత పడిపోయినప్పుడు ఎల్‌హెచ్ పెరగాలి కదా, పెరగకుండా మామూలుగా కూర్చుందంటే పైన పిట్యూటరీలోనో దాని పైన హైపోథాలమస్‌లోనో తేడా ఉన్నట్టు. లావు, నిద్రలో ఊపిరాగే జబ్బు, ఓపియాయిడ్ నొప్పి మందులు, స్టెరాయిడ్ మాత్రలు, కండల కోసం జిమ్‌లో తీసుకున్న అనబాలిక్ స్టెరాయిడ్లు మానేశాక, ఒంట్లో ఐరన్ పేరుకుపోవడం, పిట్యూటరీలో గడ్డ, ఏదైనా కావొచ్చు. ఇలా వస్తే ప్రొలాక్టిన్ అనే ఇంకో పిట్యూటరీ హార్మోన్ కచ్చితంగా చూడాలి. అది కొంచెం పెరిగితే సూది భయం వల్లో, వాంతుల మందు డోమ్‌పెరిడోన్ వల్లో, కొన్ని మానసిక వైద్యం మందుల వల్లో కావొచ్చు, మళ్ళీ చేస్తే తేలుతుంది. వందల్లో ఉంటే ప్రొలాక్టినోమా అనే గడ్డ అనుమానించి ఎమ్మారై తీయిస్తారు. గడ్డ అనగానే బెంబేలెత్తొద్దు, దీనికి ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు, కేబర్గోలిన్ మాత్రలతోనే తగ్గుతుంది. టెస్టోస్టిరాన్ 150 కంటే కిందుండి ఎల్‌హెచ్ పెరగకపోతే ప్రొలాక్టిన్ ఎంతున్నా ఎమ్మారై గురించి అడగండి. తలనొప్పి, చూపు పక్కల తగ్గడం కూడా ఉంటే ఆలస్యం చెయ్యొద్దు.

పిట్యూటరీ పంపే ఇంకో హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల సంగతి చెప్తుంది, అదొక్కటే పెరిగి మిగతావి బాగుంటే సీమెన్ టెస్ట్ చేయించుకోవడమే.

జుట్టు రాలుతోందని బయోటిన్ మింగుతున్నారా? కొన్ని మెషీన్లలో అది లెక్కని తలకిందులు చేస్తుంది, టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే ఎక్కువ, ఎల్‌హెచ్, థైరాయిడ్ టెస్ట్‌లో చూసే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పెద్ద డోసు వాడేవాళ్ళు టెస్ట్‌కి కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో కూడా చెప్పండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు రిపోర్ట్‌లూ, వాటి మీద టైమ్, వాడుతున్న మందుల లిస్ట్ పట్టుకెళ్ళండి, సప్లిమెంట్లు కూడా, జిమ్‌వాడిచ్చిన పౌడర్ కూడా. పిల్లలు కావాలనుకుంటే ఆ ముక్క మొదటే చెప్పండి. ఎందుకంటే బయట నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కించగానే పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది, వీర్యకణాలు సున్నాకి పడిపోవచ్చు, ఆపాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అలాంటివాళ్ళకి హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, క్లోమిఫీన్ మాత్రలు లాంటి వేరే దారులున్నాయి. ఇంజెక్షన్ మొదలుపెట్టేవాళ్ళు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) ముందే చూపించుకోవాలి, తర్వాత హెమటోక్రిట్ 54 శాతం దాటితే డాక్టర్ మందు ఆపుతారు లేదా డోసు తగ్గిస్తారు.