విశ్వవిద్యాలయ కథల పోటీకి కథను ఎలా సిద్ధం చేయాలి?

విశ్వవిద్యాలయాలు విద్యార్థులకు నిర్వహించే కథల పోటీల్లో చాలా కథలు తొలి వడపోతలోనే ఆగిపోవడానికి కారణం కథావస్తువు బలహీనంగా ఉండడం కాదు. మంచి వస్తువు దొరికిన విద్యార్థి కూడా, రాయడం ముగియగానే పని పూర్తయిందని భావించి, నిడివి మించిన కథను గడువు ముందు రాత్రి తోచినట్లు కోసి పంపుతున్నాడు. అలా కోతపడిన కథలను ఏటా చదవవలసి రావడం బాధాకరం. అందుకే ఈ వ్యాసంలో మిగిలిన దశలను క్లుప్తంగా చెప్పి, కుదింపు గురించి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ప్రకటనను రెండుసార్లు చదివి అర్హత, గడువు, పదాల పరిమితి, పంపవలసిన పద్ధతి ఒక కాగితం మీద రాసుకోండి. బోనఫైడ్ సర్టిఫికెట్ అడిగితే కళాశాల కార్యాలయంలో ఆ వారమే దరఖాస్తు చేయండి. తొలి ప్రతిని చేత్తోనే రాయాలి. తెర మీద రాసిన వాక్యం అచ్చులో చూసినట్లు కనిపించి, దిద్దవలసిన అవసరం లేదనే భ్రమ కలిగిస్తుంది. టైపు చేసేటప్పుడు యూనికోడ్ ఫాంటునే వాడండి. యూనికోడ్ కాని ‘అను’ అనే పేరున్న పాత ఫాంట్లలో చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది.

న్యాయనిర్ణేతలకు ఏది నచ్చుతుందో ఊహించి వస్తువును ఎంచుకోకండి. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) నవలల పోటీ బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ పంచుకున్నాయి. శైలిలోనూ దృష్టిలోనూ అంత వేరుగా ఉన్న రెండు నవలలు ఒకే పోటీలో నిలిచాయంటే, పరీక్షకుల అభిరుచిని ముందే లెక్కకట్టడం వృథా ప్రయాస అని గ్రహించాలి. మీకు దగ్గరగా తెలిసిన జీవితాన్నే రాయండి.

ఇక అసలు కష్టమైన దశ కుదింపు. పరిమితి 1500 పదాలు అనుకుందాం. శ్రద్ధగా రాసిన తొలి ప్రతి సులువుగా 2200 పదాలు దాటుతుంది. ఆ 700 పదాలను ఎక్కడ తీయాలన్నదే ప్రశ్న. వాక్యానికి ఒక విశేషణం చొప్పున తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. ఇది హాని చేసే సలహా. అలా చేస్తే ప్రతి వాక్యమూ కుంటుపడుతుంది, అవసరంలేని సన్నివేశం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ముందు సన్నివేశాలను తీయాలి, తరువాతే వాక్యాలను, చిట్టచివర పదాలను. ఈ క్రమాన్ని ఏ కారణంతోనూ తారుమారు చేయకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూతురి హాస్టల్ ఫీజు కోసం తండ్రి గేదెను అమ్మిన కథ ఇది. విద్యార్థి రచయిత మొదటి పేజీ అంతా వాన, బస్టాండు, ఆలస్యమైన బస్సు గురించి రాస్తాడు. ఆ పేజీ మొత్తం తీసేసి, తండ్రి కట్టుకొయ్యకు ఉన్న పలుపు విప్పుతున్న చోట కథను మొదలుపెట్టాలి. తరువాత ‘ఆమె ఆలోచనలు గతంలోకి పరుగుతీశాయి’ అనే వాక్యంతో మూడు పేరాల గతం మొదలవుతుంది. ఆ మూడు పేరాలు చెప్పే విషయాన్ని ‘ఈ గేదె పాలతోనే అక్క పెళ్లి అప్పు తీరింది’ అని తల్లి చేత అనిపిస్తే సరిపోతుంది. చివరలో, నాన్న త్యాగాన్ని వృథా కానివ్వనని, కలెక్టరునై తిరిగి వస్తానని అమ్మాయి చేసే ప్రతిజ్ఞ ఉంటుంది. దానిని కూడా తొలగించండి, ఎందుకంటే గేదె వెళ్లిపోయిన కొట్టాన్ని చూసిన పాఠకుడికి ఆ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ మూడు చోట్ల కత్తిరిస్తేనే దాదాపు కావలసినంత నిడివి తగ్గుతుంది.

పదాల లెక్క విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. కంప్యూటరు ఖాళీలను బట్టి పదాలను లెక్కిస్తుంది కనుక, ‘చెప్పాలి అని అనుకున్నాడు’ మూడు పదాలు, ‘చెప్పాలనుకున్నాడు’ ఒకే పదం. మాట్లాడేటప్పుడు సహజంగా కలిసే చోట కలపడం మంచిదే. కానీ లెక్క తగ్గించడానికి ‘ఆరోజుఉదయమేఊరికి’ అన్నట్లు ఖాళీలు తీసేసే విద్యార్థులున్నారు. అది చదివేవారి కంటికి మొదటి పేరాలోనే దొరికిపోతుంది, ఆ తరువాత వారు కథను నమ్మకంతో చదవరు. సంభాషణల్లోని యాసను పుస్తకభాషలోకి మార్చి నిడివి తగ్గించడం కూడా తగదు. పాలమూరు తండ్రి, శ్రీకాకుళం తండ్రి ఒకే విధంగా మాట్లాడితే ఇద్దరూ కథలో లేనట్లే.

కృత్రిమ మేధ సాధనానికి కథను అప్పగించి కుదించమనడం ఇప్పుడు సర్వసాధారణమైంది. అది సంఘటనలను ఉంచి, వాటికి ప్రాణమైన చిన్న వివరాలను తీసేస్తుంది. పై ఉదాహరణలో గేదె అమ్మకం మిగులుతుంది, పలుపు విప్పే చెయ్యి మాయమవుతుంది. పైగా ఆ కథకు సొంత రచన అని హామీ ఇవ్వడం నిజాయితీ కాదు.

కుదించే ముందు కథను కనీసం ఒక వారం పక్కన పెట్టండి. పూర్తి ప్రతిని వేరే ఫైలులో భద్రపరచండి. కుదించాక బిగ్గరగా చదవండి. ఊపిరి తడబడిన వాక్యం అతుకు పడిన వాక్యమని గుర్తించి, దానిని దిద్దడం మాని మొత్తంగా తిరగరాయండి. ఈ పనికి మూడు రోజులైనా కేటాయించలేని వారు ఆ ఏడాదికి పోటీని వదులుకోవడమే మేలు.

హామీపత్రంలో కథ మీ సొంత రచనేనని, అనువాదం గానీ అనుసరణ గానీ కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని, మరెక్కడా పరిశీలనలో లేదని స్పష్టంగా రాయాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా చాలా పోటీలు ప్రచురితంగానే పరిగణిస్తాయి. పేరు హామీపత్రం మీదే ఉండాలి, కథ ఉన్న పేజీల మీద ఉండకూడదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం ఇచ్చే హాప్‌వుడ్ పురస్కారానికి విద్యార్థులు కలంపేరుతో రచనలు పంపుతారు. తరువాత నాటక రచయితగా పేరుపొందిన ఆర్థర్ మిల్లర్ 1936లో విద్యార్థిగా ఆ బహుమతిని అందుకున్నాడు. మన పోటీల్లో కలంపేరు నియమం లేకపోయినా పాటించడం మంచిది. ఫైలు పేరులోనూ, దాని ప్రాపర్టీస్‌లోనూ మీ పేరు మిగిలిందేమో చూసి తొలగించండి. పీడీఎఫ్‌ను మరొకరి ఫోనులో తెరిచి, ఒత్తులు సరిగా కనిపిస్తున్నాయని నిర్ధారించుకొని, గడువుకు రెండు రోజుల ముందే పంపండి.