పాత ఫ్రెంచి గోడదీపాన్ని తోమే ముందు

వనపర్తి, గద్వాల, కొల్లాపురం వంటి పూర్వ సంస్థానాల ప్రాంతంలో ఏ పాత ఇంటి వారసులకైనా బంగారు పూత పూసిన ఫ్రెంచి కంచు గోడదీపం దక్కితే, దసరాకు ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు వేసి తోమకూడదు. పాదరసంలో కలిపిన బంగారాన్ని కంచుకు రాసి నిప్పుల మీద కాస్తే, పాదరసం ఆవిరైపోయి బంగారం మాత్రం మిగిలేది. ఎందరో పనివారి ఆరోగ్యాన్ని ఆ ఆవిరి హరించింది. అంత కష్టంతో వచ్చిన ఆ పూత చాలా పలుచనిది. చింతపండు పులుపుకూ తోమే పొడికీ ఒకసారి పోతే మళ్ళీ రాదు.

ముందు కరెంటు ఆపించి, దీపాన్ని దించి, వెనుక భాగం చూడండి. మర మేకుల (స్క్రూల) చుట్లు ఎగుడుదిగుడుగా ఉంటే అవి చేతితో కోసినవని అర్థం. సమంగా ఉంటే 19వ శతాబ్దపు పని కావచ్చు, లేదా స్క్రూలు తరువాత మార్చి ఉండవచ్చు. కిరీటం కింద ‘సి’ అక్షరం ఉన్న చిన్న ముద్ర 1745–1749 మధ్య ఫ్రాన్సులో రాగి కలిసిన లోహాలపై వేసిన పన్నుకు గుర్తు. అది లేనంత మాత్రాన దీపం కొత్తది కాదు.

తరువాత రూపం చూడాలి. 18వ శతాబ్దపు ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ కాలపు దీపాలలో కొమ్మలు మెలికలు తిరుగుతూ, కుడి ఎడమలు సరితూగకుండా సాగుతాయి. ఆ కాలపు కంచు శిల్పి జాక్ కఫియేరి పనితనం ఆ కోవలోదే. జతలో ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండడం సహజం. తరువాతి రాజు పదహారవ లూయీ నాటికి పొట్టేలు తలలు, రిబ్బన్లు, లారెల్ ఆకులు సమతూకంతో అమరాయి. ఆ కాలపు పనివాడు పియేర్ గుథియేర్ మెరుపు లేని బంగారు పూతకు పేరొందాడు. దాని పక్కనే గట్టి రాతితో రుద్ది మెరిపించిన భాగం ఉంటే వెలుగు రెండు తీరులుగా పలుకుతుంది, నా దృష్టిలో ఈ కళలోని అందమంతా అక్కడే ఉంది. నెపోలియన్ కాలంలో తోమీర్ వంటి కంచు పనివారు హంసలనూ రెక్కల దేవతలనూ చెక్కారు. అయితే 19వ శతాబ్దంలో బర్డెలే, దాసాన్ అనే పారిస్ పనివారు పాత రూపాలనే అద్భుతంగా మళ్ళీ పోతపోశారు కనుక, శైలి ఒక్కటే చూసి వయసు తేల్చకూడదు.

శుభ్రానికి మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. జిడ్డు ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఘాటు లేని సబ్బు చుక్క కలిపి, దూదితో కనపడని మూల మొదట పరీక్షించి, వెంటనే ఆరబెట్టాలి. చెమట తగలకుండా చేతి తొడుగులు వేసుకోవాలి. కొవ్వొత్తి మైనాన్ని చాకుతో గీకకుండా వెదురు పుల్లతో మెల్లగా తీయాలి. వైరింగు మార్చే ఎలక్ట్రీషియన్‌కు కొత్త రంధ్రం వేయవద్దని, పాత దారిలోనే వైరు లాగమని ముందుగానే చెప్పాలి.