పోర్ట్రెయిట్లు గీసి బతకాలంటే: బెజవాడ, గుంటూరు ఆర్టిస్టులకు రేనాల్డ్స్ నేర్పేది

మనుషుల బొమ్మలు గీసి ఇల్లు నడుపుకోవాలనుకునే పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ముందు చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ సంగతి చెబుతాను. ఇంగ్లండ్‌లో ఓ బడిపంతులి ఇంట 1723లో పుట్టాడు. లండన్‌లో గొప్పవాళ్లంతా ఆయన చేత బొమ్మ వేయించుకోవాలని ఎగబడేవాళ్లు. 1768లో అక్కడి చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ పెడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. అంతటి చేయి మనకు రాకపోవచ్చు, పని నడిపిన పద్ధతి మాత్రం నేర్చుకోవచ్చు.

ముందు ఒక డైరీ కొనండి. ఏ రోజు ఏ గంటకు ఎవరొచ్చి కూర్చుంటారో ఆయన పాకెట్ డైరీలో రాసుకునేవాడు, 1758లో అలా 150 మంది దాకా వచ్చారు. మీరూ పేరు, సైజు, అడ్వాన్స్, ఇవ్వాల్సిన తేదీ రాయండి, ఫోన్లో కాదు, కాగితం మీద.

మనిషే వచ్చి కూర్చుంటానంటే అంతకన్నా అదృష్టం లేదు. రేనాల్డ్స్ దగ్గర బొమ్మ వేయించుకునేవాళ్లు కూర్చునే కుర్చీ నేలకు అడుగున్నర ఎత్తులో చక్రాల మీద ఉండేది, ఆయన నిలబడి గీసేవాడు, కాబట్టి ఎదుటివాళ్ల కళ్లు దాదాపు ఆయన కళ్ల ఎత్తులోకి వచ్చేవి. కుంచెల కాడలు 19 అంగుళాలు, దూరంగా నిలబడి ముఖం మొత్తాన్ని ఒకేసారి చూస్తూ గీయడానికి. మీరు గట్టి బల్ల మీద కుర్చీ వేసినా చాలు, పెద్దవాళ్లయితే చేయి పట్టుకుని ఎక్కించండి.

కానీ మన దగ్గర ఎక్కువ ఆర్డర్లు షష్టిపూర్తి కానుకలు, పోయిన అమ్మానాన్నల బొమ్మలు. వాట్సాప్‌లో ఒక్క ఫొటో వస్తుంది, అంతే. బ్రాడీపేట నుంచి ఒకాయన వాళ్లమ్మగారి ఫొటో పంపితే నేను మూడు వారాలు కూర్చుని గీశాను, ఇచ్చేరోజు ఆయన చెల్లెలు చూసి "అమ్మ ముక్కుపుడక కుడివైపు కదండీ" అంది. అది సెల్ఫీ, కుడిఎడమలు తారుమారైపోయాయి, పాపిట కూడా. మళ్లీ గీశాను. అప్పటినుంచి కనీసం మూడు ఫొటోలు అడుగుతాను, ఇంట్లోవాళ్లలో ఒకరిని పిలిచి, బొమ్మ వేయాల్సిన మనిషి నవ్వితే ఏ బుగ్గ ముందు కదిలేది, చెవులకు దుద్దులా బుట్టలా, అన్నీ అడిగి రాసుకుంటాను. ఆ మాటల మధ్యలోనే మనిషి దొరుకుతుంది.

చీర జరీ, కుర్చీ, వెనక తెర సహాయకులకు ఇవ్వొచ్చు, రేనాల్డ్స్ కూడా బట్టలు చాలావరకు వేరేవాళ్ల చేత వేయించేవాడు. ముఖం మాత్రం మీరే వేయాలి.

రేటు మెల్లగా పెంచండి. 1755 ప్రాంతంలో తల వరకు బొమ్మకు 12 గినీలు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) తీసుకున్న మనిషి 1764కల్లా 30 తీసుకున్నాడు, నిలువెత్తు బొమ్మకైతే 150. సగం అడ్వాన్స్ తీసుకోవడంలో తప్పులేదు, కానీ థామస్ లారెన్స్‌ని గుర్తుపెట్టుకోండి. రేనాల్డ్స్ తర్వాత లండన్‌లో అంత పేరున్నవాడు, రాజుగారి ఆస్థాన చిత్రకారుడు, అయినా సగం డబ్బు ముందే తీసుకుని బొమ్మలు ఏళ్ల తరబడి పూర్తి చేయలేదు. 1830లో పోయేనాటికి స్టూడియో నిండా సగం సగం ముఖాలే. చేతిలో మూడు బాకీ ఉంటే నాలుగో అడ్వాన్స్ ముట్టుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం రేనాల్డ్స్ దారిలో పోవద్దు. బుగ్గలకు వాడిన ఎరుపు నిలవక, ఆయన బతికుండగానే కొన్ని ముఖాలు పాలిపోయాయి. మన ఎండకు మరీ జాగ్రత్తగా ఉండాలి. ట్యూబు మీద లైట్‌ఫాస్ట్ రేటింగ్, అంటే వెలుతురుకు రంగు ఎంత నిలుస్తుందో చెప్పే గుర్తు, చూడండి, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపుని చర్మానికి వాడకండి. నమ్మకం కుదరకపోతే కాన్వాస్ ముక్క మీద మీ ఎరుపులన్నీ పట్టీలుగా వేసి, సగం నల్లకాగితంతో కప్పి, మే నెలంతా డాబా మీద ఎండలో పెట్టండి. జూన్‌లో కాగితం తీసి రెండు సగాలూ పక్కపక్కన చూసి, పాలిపోయిన ట్యూబులు పక్కన పడేయండి.