కొత్త సిస్టర్లకు: భయం వేరు, అలసట వేరు

హన్మకొండ ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీలు చేసీ చేసీ నా జుట్టు నెరిసింది. కొత్తగా చేరిన పిల్లలు డ్యూటీ రూమ్‌లో నన్ను పట్టుకుని, "అక్కా, నాకు పని రాదని ఎప్పుడో ఒకనాడు అందరికీ తెలిసిపోతది" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఈ మధ్య దాన్నీ బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) అనేస్తున్నారు. రెండింటికీ మందు వేరు కాబట్టి ముందు మీది ఏదో తేల్చుకోండి.

వరుసగా రెండు ఆఫ్‌లు తీసుకుని కంటినిండా నిద్రపోండి. ఒళ్లు తేలికపడినా "నాకు రాదు" అన్న గుబులు పోలేదంటే, అది ఇంపోస్టర్ భావన, అంటే పని వచ్చినా రానట్టే అనిపించే భయం కావచ్చు. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికా సైకాలజిస్టులు దీని గురించి మొదట రాసింది బాగా చదివి, పనిలో పైకొచ్చిన ఆడవాళ్లను చూసే.

దీనికి పొగడ్తలు పనిచేయవు. భయాన్ని చిన్న ముక్క చేయాలి. "నాకేమీ రాదు" అనకండి, "నారడ్రినలిన్ లెక్క రాదు" అనండి. అప్పుడు నేర్పడం తేలిక. పడిపోయిన బీపీని పెంచే ఈ మందు నాలుగు మిల్లీగ్రాములను మొత్తం 50 ఎంఎల్‌కి కలిపితే, ఒక్కో ఎంఎల్‌లో 80 మైక్రోగ్రాములు. డాక్టరు నిమిషానికి 8 మైక్రోగ్రాములు రాస్తే గంటకు 480. అంటే మందు ఎక్కించే పంప్‌లో గంటకు 6 ఎంఎల్ పెట్టాలి. పెట్టేముందు పక్క సిస్టర్‌తో ఒకసారి లెక్క చూపించుకోండి. ఇలాంటి మందులకు ఇద్దరు సరిచూడటమే పద్ధతి, ముప్పై ఏళ్ల సీనియర్ అయినా సరే. అడిగితే చులకనైపోతామన్న బెంగ అక్కర్లేదు.

ఇక రెండు ఆఫ్‌ల తర్వాత కూడా ఆస్పత్రి గేటు చూడగానే కాళ్లు బరువెక్కితే, పేషెంటు పేరు మరిచి "ఆరో బెడ్ మళ్లీ పిలుస్తోంది" అని విసుక్కుంటుంటే, ఎంత చేసినా లాభం లేదనిపిస్తుంటే అది బర్నౌట్ లక్షణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచేసేచోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. కాబట్టి సరిచేయాల్సింది రోస్టర్‌ను, అంటే డ్యూటీల పట్టికను. వానాకాలం డెంగీ కేసులు ములుగు, భూపాలపల్లి నుంచి దిగుతుంటాయి. ఒక్కో బెడ్ దగ్గర నలుగురు బంధువులు, "సిస్టరమ్మా, కణాలెన్నున్నయ్?" అని వెంటపడతారు. ఆ నెలల్లో వరుస నైట్లు పడితే ఎవరికైనా ఓపిక చచ్చిపోతుంది. "నావల్ల కాదు" అని ఇంచార్జి ముందు ఏడవకండి. రోస్టర్ చేతిలో పెట్టి, ఏ నైట్ ఎవరితో మార్చుకోవచ్చో మీరే రాసి చూపించండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. నైట్లు తగ్గించకుండా యోగా క్లాసు పెడితే మాత్రం నా లెక్కలో అది ఇంకో డ్యూటీయే.

నిద్ర పూర్తిగా పోయినా, బతకాలనిపించకపోయినా రోస్టర్ మారేదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎదురుగా చూపించుకోవాలంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక విభాగం ఉంది. తెలిసినవాళ్లు చూస్తారని జంకితే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోండి. సెలవెందుకని ఇంచార్జి అడిగితే "ఒంట్లో బాగాలేదు" అంటే చాలు, అదేం అబద్ధం కాదు.