సీజీ అంచున నల్ల గీత వస్తే
వీఎఫ్ఎక్స్ దృశ్యాలను కలిపే సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో సీజీ (కంప్యూటర్‌లో తయారైన) క్యారెక్టర్‌ని ప్లేట్ (కెమెరాతో తీసిన షాట్) మీద మెర్జ్ చేయగానే జుట్టు చుట్టూ నల్ల గీత కనిపిస్తే వెంటనే రీరెండర్‌కి పంపకండి. చాలాసార్లు తప్పు ప్రీమల్ట్ దగ్గరే ఉంటుంది, అంటే రంగుని ఆల్ఫాతో (పిక్సెల్ ఎంత కనిపించాలో చెప్పే విలువతో) గుణించే నోడ్ దగ్గర. ఈఎక్స్‌ఆర్ ఫైళ్లుగా వచ్చే రెండర్లు సాధారణంగా ఆల్ఫాతో గుణించే వస్తాయి. మళ్లీ ప్రీమల్ట్ పెడితే, ఆల్ఫా 0.5 ఉన్న అంచు పిక్సెల్‌లో 0.4 ఉన్న రంగు 0.2కి పడిపోతుంది. ఆ నలుపు అదే.

వ్యూయర్‌లో అంచుని బాగా జూమ్ చేసుకుని, రీడ్ నోడ్ (ఫైల్‌ని తెచ్చే నోడ్) నుంచి కిందికి ఒక్కో నోడ్‌నీ ‘డి’ కీతో ఆపుతూ, గీత ఎక్కడ పోతుందో చూస్తూ రండి. అన్‌ప్రీమల్ట్ (ఆ గుణకారాన్ని వెనక్కి తీసేది), ప్రీమల్ట్ జంటగా ఉంటే రెండూ కలిపే ఆపాలి, లేదంటే మంచి నోడ్‌నే అనుమానిస్తారు.

రంగు దిద్దాలంటే వరస ఇది: అన్‌ప్రీమల్ట్, గ్రేడ్, ప్రీమల్ట్. బ్లర్ మాత్రం ప్రీమల్ట్ తర్వాతే. గ్రేడ్‌లో ఆఫ్‌సెట్ (అన్ని పిక్సెళ్లకూ ఒకే విలువ కలిపేది) పెంచాక చివరి ప్రీమల్ట్ మరిచిపోతే, ఆల్ఫా సున్నా ఉన్నచోట కూడా రంగు చేరి ప్లేటంతా తెల్లగా తేలిపోతుంది.