హిబాకుషా ఆరోగ్య పుస్తకం: అణుబాంబు బాధితులుగా గుర్తింపు పొందడానికి దరఖాస్తు విధానం

1945 ఆగస్టు 6 ఉదయం 8.15 గంటలకు హిరోషిమా మీద, ఆగస్టు 9 ఉదయం 11.02 గంటలకు నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. ఆ ఏడాది ముగిసేసరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది చనిపోయారని అంచనా. బతికి బయటపడ్డవారిలో కొన్నేళ్లకే రక్తక్యాన్సర్ ఎక్కువైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో రొమ్ము, ఊపిరితిత్తులు, కడుపు, థైరాయిడ్ క్యాన్సర్లు, కంటిశుక్లాలు బయటపడుతూ వచ్చాయి. తల్లి గర్భంలో ఉండగా రేడియేషన్‌కు గురైన పిల్లల్లో కొందరు చిన్న తలతో పుట్టారు. జానపద కథల్లో మాయావి శాపం తగిలిన రాజ్యానికి ఒక్క రాకుమారుడి సాహసంతో శాపవిమోచనం దొరుకుతుంది. జపాన్‌లో ఆ రెండు నగరాల ప్రజలకు మాత్రం ఊరట ఒక చట్టం రూపంలో, అదీ పన్నెండేళ్ల తరువాత, ఒక చిన్న పుస్తకంగా చేతికి అందింది. ఆ పుస్తకాన్ని జపనీస్‌లో ‘హిబాకుషా కెంకో తెచో’ అంటారు. బాంబు ప్రభావానికి గురైనవారిని ‘హిబాకుషా’ అంటారు కాబట్టి దీన్ని హిబాకుషా ఆరోగ్య పుస్తకం అనుకోవచ్చు.

ఈ పుస్తకానికి దరఖాస్తు చేసే మార్గం నేటికీ తెరిచే ఉంది. 2025 మార్చి చివరికి పుస్తకం ఉన్నవారు 99,130 మంది, వారి సగటు వయసు 86 ఏళ్లు దాటింది. జపాన్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో మన తెలుగువాళ్లు కూడా పనిచేస్తున్నారు. అక్కడి కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లినవారూ ఉన్నారు. తాము చూసుకుంటున్న పెద్దవారు ఎన్నడూ నోరు విప్పని ఆగస్టు రోజుల గురించి ఒక సాయంత్రం హఠాత్తుగా చెప్పడం మొదలుపెడితే, ఆ తరువాత ఏం చేయాలో తెలిసి ఉండడం అవసరం. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని, ఉద్యోగం రాదని భయపడి దశాబ్దాల పాటు దరఖాస్తు చేయకుండా ఉండిపోయినవారు చాలామంది ఉన్నారు. అందువల్ల ఇంత ఆలస్యంగా ఎందుకు అడుగుతున్నారని వారిని నిలదీయడం తగదని నా గట్టి అభిప్రాయం.

ఎవరు అర్హులు

ఈ పుస్తకం 1957లో వచ్చిన అణుబాంబు బాధితుల వైద్య చట్టంతో మొదలైంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1994లో చేసి, 1995 జులై 1 నుంచి అమలుచేసిన సహాయ చట్టం. దాని మొదటి అధికరణమే నాలుగు వర్గాలను నిర్వచిస్తుంది. బాంబు పడినప్పుడు హిరోషిమా, నాగసాకి నగర పరిధిలో గాని, వాటిని ఆనుకుని ప్రభుత్వం నిర్దేశించిన ప్రాంతాల్లో గాని ఉన్నవారు మొదటి వర్గం. బాంబు పడిన రెండు వారాల లోపల, అంటే హిరోషిమాలో ఆగస్టు 20 వరకు, నాగసాకిలో ఆగస్టు 23 వరకు, విస్ఫోట కేంద్రానికి సుమారు 2 కిలోమీటర్ల లోపలికి అడుగుపెట్టినవారు రెండో వర్గం. గాయపడినవారికి సేవలు చేయడం, మృతదేహాలను మోయడం, దహనం చేయడం వంటి పనుల వల్ల గాని, అలాంటి మరే పరిస్థితి వల్ల గాని రేడియేషన్ ప్రభావానికి గురయ్యే స్థితిలో ఉన్నవారు మూడో వర్గం. హిరోషిమా తీరానికి ఎదురుగా ఉన్న నినోషిమా దీవికి వేలాది మంది క్షతగాత్రులను పడవల్లో చేర్చారు. అక్కడ వారికి పరిచర్య చేసినవారు నగరంలో కాలు పెట్టకపోయినా ఈ వర్గం కిందికి రావచ్చు. పై మూడు వర్గాల్లో దేనికైనా చెందిన తల్లి గర్భంలో అప్పటికి ఉన్నవారు నాలుగో వర్గం. హిరోషిమా విషయంలో 1946 మే 31 లోపు, నాగసాకి విషయంలో 1946 జూన్ 3 లోపు పుట్టినవారిని ఇందులో లెక్కిస్తారు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా గుర్తుంచుకోవాలి. పుస్తకం ఇవ్వడానికి మామూలుగా చూసేది జబ్బును కాదు. ఆ రోజున, ఆ చోట ఆ మనిషి ఉన్నారా లేదా అన్నదే చూస్తారు. దరఖాస్తుదారు నేడు పూర్తి ఆరోగ్యంగా ఉన్నా అర్హత పోదు. జాతీయతతోనూ సంబంధం లేదు. చికిత్స కోసం కొరియా నుంచి రహస్యంగా జపాన్ చేరుకున్న సోన్ జిన్‌దు అనే బాధితుడి కేసులో 1978 మార్చి 30న జపాన్ సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది.

నల్లవాన బాధితుల సంగతి మాత్రం వేరు. హిరోషిమాలో విస్ఫోటం తరువాత బూడిద, రేడియోధార్మిక ధూళి కలిసిన నల్లటి వాన నగరానికి పశ్చిమాన, వాయవ్యాన ఉన్న పల్లెల మీద కురిసింది. జోరువాన పడిందని ప్రభుత్వం గీసిన గీత లోపల ఉన్నవారికి ఉచిత వైద్యపరీక్షలు చేసి, నిర్దిష్ట జబ్బులు బయటపడితే పుస్తకం ఇచ్చేవారు. గీతకు అవతల ఉన్నవారికి ఏమీ దక్కేది కాదు. ఒకే పొలంలో, ఒకే వానలో తడిసినవారిని పటం మీది గీత విడదీయడం అన్యాయమని 84 మంది కోర్టుకెక్కారు. 2021 జులై 14న హిరోషిమా హైకోర్టు వారందరినీ మూడో వర్గం కింద గుర్తించాలని తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న కొత్త మార్గదర్శకాల ప్రకారం, నల్లవానకు గురయ్యారనే విషయాన్ని కాదనలేని పరిస్థితి ఉండాలి. దానితోపాటు క్యాన్సర్, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, కంటిశుక్లం మొదలైన 11 రకాల జబ్బుల్లో ఏదో ఒకటి ఉండాలి. శుక్లానికి గతంలోనే ఆపరేషన్ చేయించుకున్నా సరిపోతుంది. కాబట్టి ఈ దరఖాస్తుకు వైద్యుడి ధ్రువపత్రం కూడా జతచేయాలి. నాగసాకిలో మాత్రం నిర్దేశిత ప్రాంతానికి వెలుపల ఉన్నవారి వివాదం తేలలేదు. 2024 సెప్టెంబరు 9న అక్కడి జిల్లా కోర్టు 44 మంది ఫిర్యాదుదారుల్లో 15 మందిని మాత్రమే హిబాకుషాలుగా గుర్తించింది.

రుజువులు ఎలా సమకూర్చుకోవాలి

దరఖాస్తు ఫారం నింపడం పెద్ద పని కాదు. అసలు శ్రమంతా రుజువుల దగ్గరే ఉంటుంది. బాంబు దెబ్బకు ఇల్లు కోల్పోయినట్టు ఆ రోజుల్లో అధికారులు ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే అంతకు మించినది లేదు. అది లేకపోతే అప్పటి ఉత్తరాలు, ఫొటోలు, డైరీలు చూపవచ్చు. అవీ లేకపోతే ఆ రోజున అక్కడ తమను చూసిన ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవాలి. ఈ సాక్షులు సాధారణంగా దగ్గరి బంధువులై ఉండకూడదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామలు, మేనత్తలు ఆ లెక్కలోకి వస్తారు. ఎనభై ఏళ్లు గడిచాక ఇద్దరు సాక్షులను తీసుకురమ్మనడం ఎంత కఠినమైన షరతో వేరే చెప్పనక్కరలేదు. ఏ సాక్షీ దొరకనప్పుడు, ఎందుకు దొరకలేదో వివరిస్తూ దరఖాస్తుదారు స్వయంగా రాసిన వాంగ్మూలం సమర్పించవచ్చు. అధికారులు దాన్ని ఇతర రికార్డులతో పోల్చి చూస్తారు.

ఆ వాంగ్మూలం ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ‘ఆగస్టు 8న అన్నయ్యను వెతకడానికి హిరోషిమా వెళ్లాను’ అని రాస్తే అది నిజమే కావచ్చు కాని, పోల్చి చూసుకోవడానికి అధికారికి అందులో ఏమీ దొరకదు. ‘ఆగస్టు 8 ఉదయం అమ్మతో కలిసి పడమటి వైపు నుంచి వచ్చి, కోయి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి ట్రాము పట్టాల వెంట తూర్పుకు నడిచాం, అయోయి వంతెన మీద రెయిలింగు పడిపోయి ఉంది, అన్నయ్య పనిచేసే చోట గోడలు మాత్రం మిగిలాయి, సాయంత్రం అదే దారిలో తిరిగి వచ్చాం’ అని రాస్తే తేదీ, దారి, దూరం, తోడున్న మనిషి అన్నీ తెలుస్తాయి. అయోయి వంతెన విస్ఫోట కేంద్రానికి అతి దగ్గరలో ఉంది కాబట్టి ఆ ఒక్క పేరుతోనే 2 కిలోమీటర్ల షరతు తేలిపోతుంది. నల్లవాన విషయంలోనూ ఇంతే. అప్పటి పల్లె పేరు, ఇంటి నుంచి బడికి నడిచిన దారి, ఏ వేళకు వాన మొదలైంది, తెల్ల చొక్కా మీద మరకలు పడ్డాయా, ఆ వాగు నీళ్లు తాగారా, ఆ పెరటి కూరగాయలు తిన్నారా అన్నవి రాయాలి.

పెద్దవారి చేత చెప్పించేటప్పుడు తొందరపెట్టకూడదు, మనం అనుకున్న జవాబును వారి నోట పెట్టకూడదు. గుర్తులేని విషయాన్ని గుర్తులేదనే రాయాలి. ఊహించి నింపిన ఒక్క వివరం రికార్డుతో పొసగకపోతే మిగతా నిజం మీద కూడా అనుమానం పడుతుంది. వారు చెబుతుండగా ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఆ మాటల్నే కాగితం మీద పెట్టడం మంచి పద్ధతి.

ఇంట్లో కాగితాలు లేవంటే ఎక్కడా లేవని కాదు. తల్లికో అక్కకో ఇదివరకే పుస్తకం వచ్చి ఉంటే, ఆమె తన దరఖాస్తులో అప్పుడు వెంట ఉన్న పిల్లల పేర్లు రాసి ఉండవచ్చు. ఆ పాత ఫైలును వెతకమని కార్యాలయాన్ని అడగాలి. బడి హాజరు పట్టికలు, ఫ్యాక్టరీ ఉద్యోగుల జాబితాలు, ‘కోసెకి’ అనే కుటుంబ రిజిస్టరు కూడా పనికొస్తాయి. సైన్యంలో పనిచేసినవారి రికార్డులు వారి స్వస్థల ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) కార్యాలయంలోను, నౌకాదళం రికార్డులు ఆరోగ్య, కార్మిక, సంక్షేమ మంత్రిత్వ శాఖలోను ఉంటాయి. రికార్డు లేనంత మాత్రాన దారి మూసుకుపోదనడానికి 2019 జనవరి 8న నాగసాకి జిల్లా కోర్టు ఇచ్చిన తీర్పు ఆధారం. యుద్ధకాలంలో అక్కడి ఓడల కర్మాగారంలో బలవంతంగా పనిచేయించిన ముగ్గురు కొరియన్ వృద్ధుల మాటలు నమ్మదగినవేనని, వారికి పుస్తకాలు ఇవ్వాలని ఆ కోర్టు ఆదేశించింది.

ఎక్కడ ఇవ్వాలి

హిరోషిమా, నాగసాకి నగరాల్లో నివసించేవారు ఆయా నగర మేయర్ పేరిట దరఖాస్తు చేయాలి. జపాన్‌లో మరెక్కడ ఉన్నా తమ ప్రిఫెక్చర్ గవర్నర్ పేరిట చేయాలి. ‘హోకెన్‌జో’ అనే స్థానిక ఆరోగ్య కేంద్రంలో గాని, ప్రిఫెక్చర్ ఆరోగ్య విభాగంలో గాని ఎక్కడ తీసుకుంటారో ముందుగా ఫోన్ చేసి కనుక్కుంటే తిప్పట తప్పుతుంది. దరఖాస్తు ఫారం, అప్పటి పరిస్థితులను వివరించే వాంగ్మూలం, రుజువు పత్రాలు, నివాస ధ్రువపత్రం కలిపి ఇవ్వాలి. ఆ తరువాత అధికారులు దరఖాస్తుదారుతోను, వీలైతే సాక్షులతోను మాట్లాడతారు. నడవలేని స్థితిలో ఉన్నవారి తరఫున కుటుంబసభ్యులు ఏయే పనులు చేయవచ్చో కూడా ఆ ఫోన్‌లోనే అడగాలి.

జపాన్ వెలుపల ఉన్నవారు ఒకప్పుడు ఎంత ముసలివారైనా విమానమెక్కి రావలసి వచ్చేది. 1974 నాటి 402వ నంబరు ఉత్తర్వు ప్రకారం పుస్తకం ఉన్నవారికి ఇచ్చే భత్యం కూడా దేశం దాటితే ఆగిపోయేది. క్వాక్ క్వి హూన్ అనే కొరియన్ బాధితుడు వేసిన కేసులో 2002 డిసెంబరులో ఒసాకా హైకోర్టు దీన్ని తప్పుపట్టింది. మరుసటి ఏడాది ఆ ఉత్తర్వు రద్దయింది. 2008 డిసెంబరు నుంచి జపాన్ రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ ద్వారానే దరఖాస్తు చేయవచ్చు. అక్కడి నుంచి అది బాంబుకు గురైన చోటును బట్టి హిరోషిమా అధికారులకో, నాగసాకి అధికారులకో చేరుతుంది. విదేశాల్లో చేయించుకున్న చికిత్స ఖర్చు కూడా ఇవ్వాలని 2015 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలతో లిఖితపూర్వకంగా తెలియజేస్తారు. ఆ సంగతి తెలిసిన మరుసటి రోజు నుంచి మూడు నెలల లోపు పునఃపరిశీలన కోరవచ్చు, ఆరు నెలల లోపు కోర్టుకు వెళ్లవచ్చు. ఈ గడువులు దాటనివ్వకూడదు. 2024 నోబెల్ శాంతి బహుమతి పొందిన నిహోన్ హిదాంక్యో అనే బాధితుల సంఘం 1956 నుంచి పనిచేస్తోంది, సలహాలు ఇస్తుంది. తిరస్కారం వచ్చాక కాకుండా వాంగ్మూలం రాసే దశలోనే ఇలాంటి సంఘాన్ని సంప్రదిస్తే మేలు.

పుస్తకం వచ్చాక

పుస్తకం లోపల బాంబుకు గురైన చోటు, విస్ఫోట కేంద్రం నుంచి దూరం, ఆ తరువాత చేసిన పనులు రాసి ఉంటాయి. తీసుకున్న రోజే వాటిని సరిచూసుకోవాలి. ఇదివరకే పుస్తకం ఉన్నా అందులోని వివరాలను సవరించమని అడగవచ్చు. ఉద్యోగం పని మీద హిరోషిమా వెళ్లి అక్కడ గాయపడి, సొంత ఊరు నాగసాకి చేరేసరికి అక్కడా బాంబుకు గురైన సుతోము యమగుచి పుస్తకంలో చాలా ఏళ్ల పాటు నాగసాకి ఒక్కటే ఉండేది. రెండు నగరాల్లోనూ బాధితుడని ఆయనకు అధికారిక గుర్తింపు 2009 మార్చిలో వచ్చింది. మరుసటి జనవరిలో ఆయన కన్నుమూశారు.

ఆరోగ్య బీమాతో పాటు ఈ పుస్తకం చూపితే నిర్దేశిత ఆసుపత్రుల్లో రోగి చెల్లించాల్సిన వాటా ఉండదు. ఏడాదికి రెండుసార్లు సాధారణ వైద్యపరీక్షలు చేస్తారు. కోరితే మరో రెండుసార్లు చేస్తారు, వాటిలో ఒకదాన్ని క్యాన్సర్ పరీక్షగా మార్చుకోవచ్చు. భత్యాలు మాత్రం పుస్తకంతో వాటంతట అవే రావు. పై 11 రకాల జబ్బుల్లో ఏదైనా ఉంటే నెలనెలా ఆరోగ్య నిర్వహణ భత్యం కోసం వైద్యుడి ధ్రువపత్రంతో విడిగా దరఖాస్తు చేయాలి. జబ్బు రేడియేషన్ వల్లే వచ్చిందని మంత్రిత్వ శాఖ గుర్తిస్తే ఇచ్చే ప్రత్యేక వైద్య భత్యం అంతకన్నా చాలా ఎక్కువ, దాని పరిశీలన కూడా అంతే కఠినం. పుస్తకం చేతికి వచ్చిన నాడే వైద్యుణ్ణి కలిసి ఏ భత్యానికి వీలుంటుందో అడగడం మంచిది.

ఇల్లు మారితే కొత్త చిరునామా తెలియజేయాలి. బాధితుల పిల్లలకు ఈ పుస్తకం ఇవ్వరు కాని, వారు కోరితే ఉచిత వైద్యపరీక్షల సదుపాయం ఉంది, టోక్యో వంటి కొన్ని చోట్ల చికిత్స ఖర్చులోనూ సాయం అందుతుంది. పుస్తకం ఉన్నవారు చనిపోతే దాన్ని కార్యాలయానికి తిరిగి అప్పగించాలి. అంత్యక్రియలు జరిపించినవారు రెండేళ్ల లోపు అంత్యక్రియల భత్యానికి దరఖాస్తు చేసుకోవచ్చు.